క్లబ్బువాళ్ల దానం, బడి పైకప్పు

ముప్పై ఏళ్ల సర్వీసులో క్లబ్బు గుమాస్తాకి బోధపడిన సత్యం ఒక్కటే. సభ్యులకి పేకాట మీద ఎంత ప్రేమో, తమ పేరు బోర్డు మీద చూసుకోవడం మీద అంతకి రెండింతలు. మెట్ల దగ్గర మాజీ అధ్యక్షుల బోర్డుంది. అందులో పేరున్న ఏ పెద్దమనిషీ దాని ముందు ఆగి మీసం సవరించుకోకుండా లోపలికి రాడు.

గుమాస్తా అక్క వినికిడి లేని పిల్లలకి చిన్న బడి నడుపుతోంది. పైకప్పు కారుతోంది. వానొస్తే క్లాసు ఈ మూల నుంచి ఆ మూలకి వలసపోతుంది. "మా క్లబ్బు చూసుకుంటుందిలే అక్కా" అని మాటిచ్చేశాడు. వానలకి నెల కూడా లేదు.

కమిటీ ఎగిరి గంతేసి ఒప్పుకుంది. ఊరంతా టికెట్లు అమ్మి పాటకచేరీ, ఆఖర్న సభ్యులకి విందు. కరపత్రంలో విందు పెద్దక్షరాల్లో, బడి చీమతలకాయంత అక్షరాల్లో పడ్డాయి. సరిగ్గా అప్పుడే క్లబ్బు లెక్కలు చూసే ఆడిటరమ్మ వచ్చింది.

"అధ్యక్షులుగారూ, మీ డబ్బుతో మీరే సరదాపడుతున్నారనే కదా క్లబ్బుకి పన్ను మినహాయింపు ఇచ్చింది? ఇంట్లో వండుకు తింటే ఎవరూ అడగరు. వీధిలో బోర్డు పెట్టి అమ్మితే హోటలంటారు. బయటివాళ్ల డబ్బు హద్దు దాటిందా, మినహాయింపు పోయినట్టే."

"మంచి పనికే కదమ్మా" అన్నాడు అధ్యక్షుడు.

"మంచి పనికి విందెందుకండీ? పైగా క్లబ్బుకి చందా ఇస్తే ఇచ్చినవాళ్లకి పన్ను తగ్గదు. బడికిస్తే తగ్గుతుంది, దానికా గుర్తింపుంది. మీ జేబులోంచి నేరుగా వాళ్లకే ఇవ్వండి."

"నేరుగానా? మరి స్టేజీ?" అని గొణిగాడు కోశాధికారి.

స్టేజీ లేదు, దండలు లేవు, విందు లేదు. పాలపొంగు మీద నీళ్లు చల్లినట్టు దానగుణం అణిగిపోయింది. అందరూ పేకముక్కల్లో తలలు దూర్చేశారు. గుమాస్తా ఇంటికెళ్తూ మెట్ల దగ్గర బోర్డు ముందు చాలాసేపు నిలబడ్డాడు.

మర్నాడు సంతకాల పుస్తకం పట్టుకుని పేకాట బల్ల దగ్గరికెళ్లాడు.

"మా అక్క బడిలో దాతల బోర్డు పెడుతోందండీ. ఎవరు ముందిస్తే వాళ్ల పేరు పైన. కోశాధికారిగారు బడికి దారి అడిగినట్టున్నారు."

అధ్యక్షుడు ముక్కలు కింద పెట్టేశాడు. "ఆయన పేరు కింద నా పేరా? డ్రైవర్ని కారు తియ్యమను."

తొలివాన నాడు అక్క ఫోన్ చేసింది. "కొత్త రేకులు వేయించాంరా తమ్ముడూ, చుక్క కారట్లేదు. కానీ మీవాళ్లు రోజుకొకరు వచ్చి బోర్డు ముందు నిలబడి మీసం దువ్వుకుంటున్నారు. వీళ్లెవరని పిల్లలు సైగలతో ఒకటే అడగడం."

"ఏం చెప్పావక్కా?"

"ఏం చెప్పను? పైకప్పుకి కాపలావాళ్లని చెప్పా."