గడ్డిలో పెట్టిన పగడాలు

మే నెల ఎండలో, మూడేళ్ల నా చదువును ఒక డబ్బాలో పెట్టుకుని విశాఖపట్నం బయల్దేరాను. దక్షిణాది సముద్రతీరంలోని ల్యాబులో అనుమతి తీసుకుని పెంచిన పన్నెండు పగడపు ముక్కలవి. సముద్రం వేడెక్కితే పగడపు దిబ్బలు తెల్లబారి చనిపోతాయి. ఏ రకం ఆ వేడిని తట్టుకుంటుందో తేల్చడం నా పని. ఆఖరి పరీక్ష విశాఖలో. పగడాలు ఎదిగాయి గానీ నువ్వే ఎదగలేదని మా గైడు గారి బెంగ.

దారిలో కారు ఏసీ ఆగిపోయింది. దగ్గర్లోనే ఆగిరిపల్లిలో మా బావ కౌలుకు తీసుకున్న మామిడితోట ఉంది. థర్మోకోల్ పెట్టెలో ఉన్న డబ్బాను, గాలి పంపుతో సహా, ఆయన షెడ్డులో దింపాను.

"ఉంగరంలో పెట్టుకునే పగడాల్ని ఉప్పునీళ్లలో ఊరేశావేంటి బావమరిదీ? ఆవకాయా?"

"ప్రాణమున్నవి బావా. మెకానిక్ దగ్గరికెళ్లి గంటలో వస్తా. నీ మామిడికాయల్లా జాగ్రత్తగా చూస్కో."

ఆ మాట అనకుండా ఉండాల్సింది.

కారు మెకానిక్‌కి అప్పగించి తిరిగొచ్చేసరికి థర్మోకోల్ పెట్టె ఖాళీగా ఉంది.

"లోపలి డబ్బా ఏది బావా?"

"గడ్డిలో పెట్టా. ఆ తెల్లపెట్టెలో గాలాడక కుళ్లిపోవూ?"

మా వైపు కాయను జాగ్రత్త చేయడమంటే వరిగడ్డిలో కప్పడమే. మగ్గే కాయల గుట్ట తనంతట తానే వేడెక్కుతుంది. ఆ గుట్ట మధ్యలో నా డబ్బా. గాలి పంపు గొట్టం మాత్రం ఊడకుండా బయటికి పెట్టాడు, పుణ్యాత్ముడు. థర్మామీటరు చూశాను. ఇరవై ఏడు ఉండాల్సింది ముప్ఫై మూడు.

పగడం ఒంట్లో కాపురముండే నాచే దానికి రంగూ, తిండీ. వేడెక్కితే పగడం ఆ నాచును వెళ్లగొట్టి పాలిపోతుంది. కాయకు రంగు తిరిగితే పంట, దీనికి రంగు పోతే తంటా.

"సోడాబండి దగ్గర ఐసు పట్టుకొస్తానుండు," బావ పరిగెత్తబోయాడు.

"వద్దు! ఒక్కసారిగా చల్లబడినా చస్తాయి!"

మా కేకలకు తోటలోంచి వచ్చిన మా అక్క బోరు మోటారు వేసింది. మూత బిగించిన డబ్బాను సిమెంటు తొట్టిలో సగం ముంచి, పైన తడి గోనెసంచులు కప్పాం. ముప్ఫై రెండున్నర. బావ చేటతో విసురుతున్నాడు. ముప్ఫై రెండు. పండితుణ్ణనుకునే నేను పండులా మెత్తబడి తొట్టిగట్టున కూలబడ్డాను. తోట బయట కాయల వ్యాపారి లారీ హారను కొడుతూనే ఉంది. బావ అటు చూడలేదు.

ఇరవై తొమ్మిది దగ్గర అంకె ఆగిపోయింది. బోరునీళ్లు అంతకన్నా చల్లగా లేవు. గోనెసంచి తీసి చూశాను. పదకొండు ముక్కలు గోధుమరంగులోనే ఉన్నాయి. ఒకటి అంచున తెల్లబారింది.

"పోయిందా?" బావ చేట పక్కన పెట్టి వంగి చూశాడు.

"ఇంకా లేదు. చల్లగా ఉంటే నాచు మళ్లీ చేరొచ్చు. చేరకపోవచ్చు."

మెకానిక్ ఫోను చేశాడు, ఏసీ బాగైందని. కారు తెచ్చి, డబ్బాను పెట్టెలోకి చేరుస్తుంటే బావ చొక్కా మార్చుకుని ముందుసీట్లో కూర్చున్నాడు.

"లారీలో కాయల లోడు ఎవరు చూస్తారు?"

"మీ అక్క చూస్తుంది. ఆ పెట్టె నా ఒళ్లో పెట్టు. థర్మామీటరు ఇటివ్వు. నువ్వు రోడ్డు చూడు."

తునిదాకా ఆయన ఇరవై ఎనిమిది, ఇరవై ఎనిమిది అంటూనే ఉన్నాడు.