బండ మీద సున్నపు గుర్తు

నా చిన్నప్పుడు మా ఊరికి ఎర్రకారు కన్నా ఒక రోజు ముందే అనుమానం వచ్చింది. ఆ అనుమానంతో నేను ఒక మనిషి ప్రాణం మీదికి తెచ్చాను. అప్పటికి నాకు తొమ్మిదేళ్లు. ఇన్నేళ్లూ ఈ సంగతి ఎవరికీ పూర్తిగా చెప్పలేదు. నువ్వు రాస్తానంటున్నావు గనక చెబుతున్నాను. మెల్లగానే రాయి బిడ్డా, నాకు తొందరేమీ లేదు.

నువ్వు రాయదుర్గం మెట్రో దిగి ఆఫీసుకు నడిచే దారి ఉందే, ఆ చుట్టుపక్కలంతా అప్పుడు బండరాళ్లే. ఎవరో పేర్చి మరిచిపోయినట్టు ఒకదాని మీద ఒకటి నిలబడి ఉండేవి. వాటి మధ్య సీతాఫలం పొదలు, ఆ పొదలు దాటితే మా తాత జొన్న చేను. చేను అంచునే మొరం రోడ్డు పోయేది. మా గట్టు మీద ఒక పెద్ద బండ. అక్కడి నుంచి నలభై అంగలు వేస్తే రోడ్డు ఒక్కసారిగా మలుపు తిరిగేది. ఆ మలుపు అవతల ఏళ్ల తరబడి రాళ్లు కొట్టగా పడిన గుంత. తాటిచెట్టు లోతు ఉండేది, అడుగున పచ్చటి నీళ్లు. మేకలు కూడా దాని దగ్గరికి పోవు.

ఒకనాడు పొద్దున్నే ఎవరో పెద్దమనిషి ఆ రోడ్డు మీద నడుస్తూ కనిపించాడు. తెల్ల గుడ్డ బూట్లు, నెత్తిన టోపీ, ఒక కాలు కొంచెం ఈడుస్తున్నాడు. పనికి పోయేవాడిలా నడవటం లేదు. నాలుగు అడుగులు వేసి ఆగుతాడు. కూర్చుని మొరం చేతిలోకి తీసుకుని వేళ్లతో నలుపుతాడు. గులకరాళ్లు ఏరి పక్కకు విసిరేస్తాడు. ఒక కన్ను మూసి మలుపు వైపు చూస్తాడు. అలా ఈ కొస నుంచి ఆ కొసకు వెళ్లి, మళ్లీ వెనక్కి వచ్చి, సంచీలోంచి చిన్న డబ్బా తీసి మా గట్టు బండ మీద అరచేయంత సున్నపు గుర్తు పెట్టి, రోడ్డు మొదటికి వెళ్లిపోయాడు.

మధ్యాహ్నానికల్లా ఊరంతా ఆ గుర్తే. మా మేనత్త మాతోనే ఉండేది, నోట్లో తమలపాకు లేకుండా ఆమెను నేనెప్పుడూ చూడలేదు. ఆమెకు అది లంకెబిందెల వేట. "గా బండ కింద ఏదో ఉన్నది. అమాస దాకా ఆగుతడు, మల్లొస్తడు. సూస్తుండుండ్రి" అంది. పక్కింటాయన ఒప్పుకోలేదు. "లంకెబిందెలు లేవు, ఏం లేవు. పిల్లలను ఎత్కపోయేటోడు గట్లనే దారి సూసుకుంటడు" అన్నాడు. మా తాత మాత్రం ముందు గంజి తాగలేదు, తర్వాత చుట్ట కూడా ముట్టలేదు. చివరికి గోడ వైపు చూస్తూ, "కొలుస్తుండు. భూమి పోతది ఇగ" అన్నాడు.

ఆయన భయం ఉత్తది కాదు. అంతకు ముందు ఏడాదే పక్క ఊళ్లో ఎవరో గొలుసులతో వచ్చి కొలిచి, రాళ్ల మీద ఇలాగే తెల్లగా గీసి వెళ్లారు. రెండు పంటలు దాటేసరికి ఆ చేలు ఆ రైతులవి కాకుండా పోయాయి. ఇంతమంది ఇన్ని మాటలన్నారు గానీ, ఆ మనిషి సాయంత్రం దాకా రోడ్డు మొదట్లో చింతచెట్టు కింద కూర్చునే ఉన్నాడు, ఒక్కరు కూడా వెళ్లి అడగలేదు. మనకు అనుమానం మీద ఉన్న మక్కువ జవాబు మీద ఉండదు.

ఆ సాయంత్రం అతను వెళ్లిపోయాక నేను తడి గోనెపట్టా తీసుకుని గట్టు మీదికి వెళ్లాను. గుర్తు పోయేదాకా బండను రుద్దాను. తర్వాత నాకు ఇంకో తెలివి పుట్టింది. ఉత్తగా తుడిచేస్తే మళ్లీ వచ్చి పెడతాడు కదా. అందుకని మేనత్త సున్నపు డబ్బీ ఎత్తుకొచ్చి, మలుపు మొదట్లో ఉన్న ఇంకో బండ మీద అచ్చం అలాంటి గుర్తే పెట్టాను. ఆ చోటు ఎవరిదీ కాదు. తీసుకుంటే అది తీసుకోనీ అనుకున్నాను. మా తాత చేనును కాపాడానని ఆ రాత్రి కడుపునిండా తిన్నాను. సున్నానికి వేళ్లు మండుతున్నా ఎవరికీ చెప్పలేదు. మేనత్త మాత్రం డబ్బీ మూత తీసి చూసి, "నిన్ననే నింపిన. గీ ఇంట్ల సున్నం గూడ నడుస్తది" అంటూ పడుకునేదాకా గొణుగుతూనే ఉంది.

మర్నాడు రెండు లారీలు వచ్చాయి. ఒకదాని మీద టార్పాలిన్ కప్పి ఏదో ఉంది. టార్పాలిన్ తీశారు. నేల మీద పాకుతున్నట్టు ఎత్తు తక్కువగా, పొడుగ్గా, పైకప్పు లేని ఎర్రకారు. మేము చూసిన కార్లన్నీ బియ్యపు బస్తాల్లా ఉండేవి, ఇది చేపలా ఉంది. సినిమా వాళ్లట. కార్ల పందెం సన్నివేశం తీస్తారట. పౌడరు రాసుకున్న హీరో గొడుగు కింద కూర్చున్నాడు. నిన్నటి పెద్దమనిషేమో హీరో చొక్కా లాంటి చొక్కా తొడుక్కుని, నెత్తిన ఒత్తయిన నల్లజుట్టు పెట్టించుకుంటున్నాడు. కారు నడిపేది ఆయనేనట. మద్రాసు దగ్గర పాత విమానాల మైదానంలో నిజం పందేలలో నడిపిన డ్రైవరట.

మా మేనత్తకు ఇంకా నమ్మకం కుదరలేదు. కారు దగ్గరికి పోయి గోటితో గీకింది. ఎర్ర రంగు కింద నల్లరంగు, దాని కింద పసుపు. "ఏందిది, లోపల టాక్సీ ఉన్నది" అంది. నిజమే. పాత టాక్సీకి రేకు కొట్టి తొడిగిన వేషం అది. అందరూ నవ్వారు.

అప్పుడే సినిమా వాళ్ల మేనేజరు ముందుకొచ్చాడు. "కాస్త మలుపు దగ్గర ఎవరూ నిలబడకండి. బ్రేకులు అంత మంచివి కావండి ఈ బండికి. ఆ బండ మీద తెల్లగుర్తు కనబడగానే ఆయన తొక్కుతారు, మలుపు దగ్గరికి ఆగుతుంది. ఏమాత్రం దాటినా నేరుగా గుంతలోకే" అన్నాడు.

చెప్పాలి. చెబితే తాతను పట్టుకుపోతారేమో. చెప్పకపోతే ఆ మనిషి పోతాడు. మేనత్త కొంగు వెనక నిలబడి నా తెల్లటి వేళ్లను లంగాలో దాచుకున్నాను. అవతల డైరెక్టరు అరుస్తున్నాడు, ఎండ దిగిపోతోంది, త్వరగా కానివ్వండని. డ్రైవరు కారులో కూర్చున్నాడు. తాళం తిప్పాడు. ఇంజను దగ్గింది. ఆ తర్వాత ఆయన ఇంజను ఆపేసి కిందికి దిగి, రోడ్డు మీద నడవటం మొదలుపెట్టాడు.

"నిన్ననే చూశారు కదండీ" అని డైరెక్టరు నెత్తి కొట్టుకున్నాడు. డ్రైవరు వినలేదు. మా గట్టు బండ దగ్గర ఆగాడు. వెతికాడు. బొటనవేలితో రాతిని తడిమాడు. ముందుకు వెళ్లి మలుపు బండ మీద గుర్తు చూశాడు, వంగి వాసన చూశాడు. తిరిగి వచ్చి, "ఆ గట్టు చేను ఎవరిది?" అని అడిగాడు.

మా తాత తలపాగా చేతిలోకి తీసుకుని ముందుకు కదిలాడు. ఆయన ఒకరి ముందు తలపాగా తీయటం నేను అంతకు ముందు చూడలేదు. ఇంక నేను కొంగు వెనక ఉండలేకపోయాను.

"తాత గాదు, నేనే తుడిచిన. గాడ నేనే పెట్టిన" అన్నాను.

తాత చెయ్యి లేచింది. డ్రైవరు మధ్యలోకి వచ్చి ఆపాడు. "ఎందుకు తుడిచావమ్మా?"

"మా తాత భూమి గుంజుకపోతరని."

ఎవరో నవ్వబోయారు. ఆయన నవ్వలేదు. డైరెక్టరు వైపు చెయ్యి చూపించి ఆగమన్నాడు. మండుతున్న నా చెయ్యి పట్టుకుని ఆ రోడ్డంతా నన్ను నడిపించాడు. ఇదిగో ఇక్కడ రాళ్లు జారతాయి, ఇక్కడ నేల గట్టిది, ఇక్కడ కాలు తియ్యాలి, ఇక్కడ తొక్కాలి అని ఒక్కొక్కటే చూపించాడు. నా గుర్తు దగ్గర నిలబెట్టి, "ఇక్కడ తొక్కితే ఎక్కడ ఆగుతానో చూడు" అన్నాడు. నేను గుంత వైపు చూసి ఏడ్చాను.

ఏడుపు ఆపటానికి కాబోలు, నడుస్తూనే ఒక సంగతి చెప్పాడు. ఫ్రాన్సు దేశంలో ఒక పగలూ ఒక రాత్రీ ఆగకుండా సాగే కార్ల పందెం ఉందట. డ్రైవర్లు రోడ్డుకు ఈ పక్క, కార్లు ఆ పక్క. జెండా ఊపగానే అందరూ ఉరికి, కార్లలోకి దూకి, బెల్టు కూడా పెట్టుకోకుండా పోయేవారట. అప్పటికి కొద్దికాలం ముందు ఒక ఏడాది ఒక కుర్రాడు మాత్రం ఉరకలేదు. నడుచుకుంటూ వెళ్లి, తాపీగా బెల్టు బిగించుకుని, అందరికన్నా ఆఖరున బయల్దేరాడు. మొదటి చుట్టులోనే, బెల్టు పెట్టుకోకుండా పోయిన ఒకాయన కారు బోల్తాపడి చనిపోయాడు. మర్నాడు పందెం గెలిచింది ఆ నడిచినవాడే. మరుసటి ఏడాది నుంచి ఆ ఉరుకుడే మానేశారట.

"అనుమానం మంచిదేనమ్మా, నా ప్రాణం దానివల్లే నిలిచింది. కానీ దాన్ని నడిపించాలి. కూర్చోబెడితే మనుషుల మీద పడుతుంది" అన్నాడు.

తర్వాత మా తాతను అడిగి, సున్నం డబ్బా నా చేతికిచ్చి, గట్టు బండ మీద నాతోనే మళ్లీ గుర్తు పెట్టించాడు. "ఇప్పుడు నీ గుర్తు నమ్మి నడుపుతా" అన్నాడు. అని కారెక్కబోయే ముందు, నవ్వుకుంటూ, ఇంకోసారి నడిచి వచ్చాడు. నాకు కోపం రాలేదు. ఆయన అనుమానం దారి మీద, నా మీద కాదని అప్పటికే తెలిసింది.

కారు వచ్చింది, దుమ్ము లేచింది, నా గుర్తు దగ్గర బ్రేకులు కీచుమన్నాయి, మలుపు ముందు ఆగింది. అంతే. "గింతేనా? మన బస్సు ఇంతకన్న జోరుగ పోతది" అని పక్కింటాయన పెదవి విరిచాడు. ఏడాది తర్వాత బోరబండ పక్క డేరా సినిమాలో చూశాం. అదే కారు గాలిలా పోతోంది. కెమెరాలో రీలు నెమ్మదిగా తిప్పి తీస్తే తెర మీద కారు అలా ఉరుకుతుందట, ఎవరో చెప్పారు. హీరో ముఖం, డ్రైవరు చేతులు. మధ్యలో రెప్పపాటు ఒక బండ, దాని మీద తెల్లటి మచ్చ. "అది నేను పెట్టిందే" అని లేచి నిలబడ్డాను. డేరాలో ఒక్కరూ నమ్మలేదు, కూర్చోమని అరిచారు. మా తాత మాత్రం నా చెయ్యి నొక్కాడు.

ఆ చేను తర్వాత ఎప్పుడో పోనే పోయింది. తీసుకున్నవాళ్లు మట్టి ముట్టుకోలేదు, ఒక్క అడుగూ నడవలేదు. జీపులోంచే కాగితం అందించారు. మా తాత ఆ రోజు వాళ్లతో ఒకే మాట అన్నాడు, "దిగుండ్రి సారూ, జర నడిచి సూడుండ్రి" అని. వాళ్లు దిగలేదు.

నిజాంపేటలో ఈ ఇల్లు కొనేటప్పుడు కూడా నేను ముందు వీధంతా నడిచి, ఇరుగుపొరుగునూ అడిగాకే సరేనన్నాను. పైనింటి కుర్రాళ్లు రాత్రంతా లైట్లు వేసుకుంటారని కింద వాళ్లంతా గుసగుసలాడుతుంటే, నేను మెట్లెక్కి వెళ్లి తలుపు కొట్టాను. పరీక్షలకు చదువుకుంటున్నారు పాపం. అందుకే, నాకు ఎవరి మీదైనా అనుమానం వస్తే మొదట చెప్పులు వేసుకుంటాను. గడప దగ్గర నా చెప్పులు లేవంటే మీ అమ్మకు తెలుసు, ఎక్కడో ఎవరినో ఏదో అడుగుతున్నానని.