రాయపురం అటకలో మానుపిల్లి

రిటైరు కావడానికి రెండేళ్ల ముందు నన్ను చెన్నైలో అటవీశాఖ వన్యప్రాణి రక్షణ విభాగానికి రేంజర్‌గా వేశారు. కింద ఫారెస్టరు, గార్డులు, పైన అనుమతులిచ్చే అధికారి ఉంటారు. మధ్యలో ఇళ్లకు వెళ్లి జనంతో మాట్లాడవలసింది రేంజరే. వచ్చే ఫోన్లన్నీ దాదాపు పాముల గురించో కోతుల గురించో. ఆ వేసవిలో హార్బరు పక్కనున్న రాయపురం నుంచి వచ్చింది మాత్రం మానుపిల్లి గురించి. తమిళంలో మరనాయి అంటారు. పొడవాటి ఒళ్లు, నల్లటి మొహం. రాత్రిళ్లు పళ్లు, ఎలుకలు తిని, పగలు అటకల్లో పడుకుంటుంది.

ఫోన్ చేసిన సుగుణ బాలింత. భర్త బాబుది హార్బరులో లోడింగు పని. తరతరాలుగా అక్కడే స్థిరపడ్డ తెలుగువాళ్లు. నాదీ తెలుగేనని తెలియగానే ఆమె గబగబా చెప్పేసింది.

"పెంకుల కింద పిల్లలు పెట్టుండాది సార్. ఈయన నిన్న అరటిపండులో ఎలకల మందు కలిపినాడు. నేనే తీసి పారేసినా."

"ఏం చేయమంటారు సార్? ఈడ చంటిబిడ్డ ఉండాడు. అది కిందికి దిగితే?" అన్నాడు బాబు, నేను వాళ్లింటికి వెళ్లగానే.

అతని భయం తీసిపారేయదగ్గది కాదు. అయితే తల్లిని బోనులో పడితే పైన పిల్లలు ఆకలితో చస్తాయి. పై అధికారి అనుమతి లేకుండా బోను పెట్టనూ కూడదు. చోటు నచ్చకపోతే తల్లే పిల్లల్ని మోసుకుపోతుంది. అందుకని పగలు అటకలో లైటు వేసి రేడియో మోగించమన్నాను. పళ్లు, చేపల చెత్త మూతపెట్టి ఉంచమన్నాను. బిడ్డను తలుపులు మూసిన గదిలో, దోమతెరలో పడుకోబెట్టమన్నాను.

"ఒక వారం చూస్తా సార్, అంతే," అన్నాడు బాబు.

వారం తిరక్కముందే ఒక సాయంత్రం సుగుణ మళ్లీ పిలిచింది. మేం వెళ్లేసరికే తల్లి రెండు పిల్లల్ని నోట కరుచుకుని పక్క గోడౌనులోకి చేర్చేసింది. మూడోది జారి వాకిట్లో పడింది. జనం మూగి సెల్‌ఫోన్లు ఎత్తారు. తల్లి గోడమీదే ఆగిపోయింది.

నేను నోరు తెరిచేలోగా బాబు అందర్నీ బయటికి తోశాడు. "పోండప్పా! మీరుంటే అది ఎట్లా వస్తాది?" అంటూ తలుపేసి, వాకిట్లో లైటు ఆర్పేశాడు. మేం ఇంట్లోకెళ్లి కిటికీలోంచి చూస్తున్నాం. తల్లి మెల్లగా దిగింది. పిల్లను వాసన చూసి, మెడ దగ్గర పట్టుకుని గోడెక్కేసింది.

"ఇంగ ఈయన నిద్రపోతాడు సార్," అంది సుగుణ నవ్వుతూ. బాబు కూడా నవ్వాడు.

మర్నాడు మా గార్డు పెంకుల సందులకు ఇనుప వల బిగించాడు. ఆ ఇంటినుంచి మళ్లీ ఫిర్యాదు రాలేదు.

ఆ తర్వాత ఏ ఫోన్ వచ్చినా రెండు సంగతులు అడిగేవాణ్ణి: జంతువుకు పిల్లలున్నాయా, ఇంటివాళ్లు ఎన్నాళ్లు ఆగగలరు అని. మొదటిదానికి జవాబు మేం వెళ్లి చూస్తే తెలిసేది. రెండోదానికి మాత్రం వాళ్ల దగ్గర కూర్చుని మాట్లాడాల్సిందే. మా పనిలో ఎక్కువ సమయం పట్టేది అదే.