ఓర్మరాడ్ సార్ నవ్వించిన మాట

క్లైవ్ ఓర్మరాడ్ గారు తల్లిదండ్రులను నవ్వించడం ఎప్పుడు మొదలుపెట్టారో నాకు సరిగ్గా తెలియదు. ఇంగ్లండులో పెండిల్ కొండ కింద ఉన్న ఆ బడిలో, రసాయనశాల సామగ్రి చూసుకునే పనిలో నేను చేరేనాటికే ఆయన సెప్టెంబరు సభకు ఊళ్లో పేరుంది. పదహారేళ్లకు బడి పరీక్షలు గట్టెక్కి సిక్స్త్ ఫామ్‌లో చేరే పిల్లలను, వాళ్ల అమ్మానాన్నలను ఏటా హాల్లో కూర్చోబెట్టి, రాబోయే రెండేళ్లు ఎలా ఉంటాయో చెప్పే సభ అది. మన ఇంటర్ లాంటి చదువే అనుకోండి. యూనివర్సిటీ గడప తొక్కాలంటే దాన్ని దాటాల్సిందే.

ఆయన ఆ సభ మొదలుపెట్టింది నవ్వుల కోసం కాదు. ఓర్మరాడ్ గారి తండ్రి నేత మిల్లులో పనిచేశాడు. ఆ ఇంట్లో పదహారు దాటి చదివిన మొదటి మనిషి ఈయనే. చేరిన మొదటి ఏడాదే అన్నిట్లోనూ తప్పారు. "బడి అదే, బల్లలు అవే, చదువు మాత్రం రాత్రికి రాత్రి మారిపోయింది. ఆ సంగతి నాకెవరూ చెప్పలేదు" అనేవారు. పొద్దుపోయేదాకా పుస్తకం పట్టుకుంటే తండ్రి వచ్చి, కళ్లు పాడవుతాయి పడుకోమని దీపం ఆర్పేసేవాడట. ప్రేమతోనే. తనకు పట్టిన గతి ఇంకొకరికి పట్టకూడదని, తండ్రులకూ ముందే చెప్పాలని, సిక్స్త్ ఫామ్ బాధ్యత చేతికి రాగానే ఈ సభ పెట్టారు.

చెప్పేవన్నీ మంచి మాటలే. క్లాసులో ఎంతసేపు విన్నారో ఇంట్లో అంతసేపు సొంతంగా చదవాలి. మొదట్లో మార్కులు పడిపోతాయి, బెంబేలెత్తకండి. అర్థంకానిది ఆ వారమే అడగండి. అయితే ఏళ్లు గడిచేకొద్దీ ఈ మాటలకు జనం ఆవలించడం, మధ్యలో వేసిన చతురోక్తులకు లేచి కూర్చోవడం ఆయన గమనించారు. ఇక నవ్వులు పెరిగాయి, మాటలు తగ్గాయి.

"మీ వాడు గదిలో చదువుతున్నాడో నిద్రపోతున్నాడో తెలియట్లేదా? తలుపు ఊడదీయండి!" అనేవారు. "వాళ్లకు ప్రాణమైనదేదో ఒకటి ఉంటుంది కదా, ఆట గానీ పాట గానీ, దాన్ని తీసుకెళ్లి కాలవలో పడేయండి!" చివరగా వేలెత్తి, "క్రిస్మస్ నాటికి మీ పిల్లలు మిమ్మల్ని చూసి పళ్లు నూరడం లేదంటే, మీరు మీ పని సరిగ్గా చేయట్లేదన్నమాట!" అనగానే హాలంతా గొల్లుమనేది.

ఒక ఏడాది ఆ సభకు గ్లెన్ హార్‌గ్రీవ్స్ అనే ఆయన వచ్చి ముందు వరసలో కూర్చున్నాడు. ఇళ్లకు తలుపులు, కిటికీలు బిగించే పని ఆయనది. పని మీంచి తిన్నగా వచ్చినట్టున్నాడు, చొక్కా చేతులకు లప్పం మరకలున్నాయి. పక్కన కూతురు కీలీ. తల్లి ఎప్పుడో బ్లాక్‌పూల్ వెళ్లి వేరే కాపురం పెట్టుకుంది. ఇంట్లో వీళ్లిద్దరే. హాలంతా నవ్వుతుంటే గ్లెన్ నవ్వలేదు. శ్రద్ధగా తల ఊపుతూ విన్నాడు. అలాంటి తండ్రి ఒక్కడున్నా చాలనిపించిందట ఓర్మరాడ్ గారికి.

కీలీ ఊరి బ్యాండులో కార్నెట్ అనే చిన్న బాకా వాయించేది. అక్టోబరులో మానేసింది. మా వైపు బ్యాండు మానడమంటే చుట్టాలతో రాకపోకలు మానేసినంత పని, కానీ చదువు కదా అని ఎవరూ పెద్దగా అడగలేదు. రసాయనశాస్త్రంలో మార్కులు మాత్రం పెరుగుతూ వచ్చాయి. మధ్యాహ్నం తిండివేళ నా గదిలోకి వచ్చి, చెప్పకుండానే గాజు గొట్టాలు కడుగుతూ నిలబడేది.

"తినలేదేం పిల్లా?"

"ఆకల్లేదు మిస్."

ఇంకో గొట్టం అందుకునేది.

వసంతంలో టీచర్లు ఒక్కొక్క తండ్రినీ తల్లినీ పిలిచి మాట్లాడే రోజు వచ్చింది. ఓర్మరాడ్ గారు గ్లెన్ చెయ్యి పట్టుకుని ఊపేశారు. "మీరింట్లో ఏం చేస్తున్నారో నాకు తెలీదు గానీ, అదే చేస్తూ ఉండండి!" అన్నారు. పైగా, "సెప్టెంబరులో కొత్తవాళ్ల సభకు మీరొచ్చి రెండు ముక్కలు చెప్పాలి. నా మాటకంటే మీ మాటకు బరువెక్కువ" అన్నారు. గ్లెన్ మెడ దాకా ఎర్రబడి సరేనన్నాడు.

ఆ సభకు నేనూ ఉన్నాను. రెండో ఏడాది పిల్లలు వెనక బల్ల దగ్గర టీలు, బిస్కెట్లు అందిస్తున్నారు. వాళ్లలో కీలీ ఉంది. ఓర్మరాడ్ గారు ఎప్పటిలాగే తలుపు మాట, కాలవ మాట, పళ్ల మాట చెప్పి హాలును కడుపుబ్బ నవ్వించి, గ్లెన్‌ను వేదిక మీదికి పిలిచారు. గ్లెన్ సూటు వేసుకొచ్చాడు. అది పెళ్లినాటిదో ఏమో, భుజాల దగ్గర బిగుతుగా ఉంది.

"నాకు మాట్లాడ్డం రాదండీ. కిటికీలు బిగించడం వచ్చు" అన్నాడు. జనం ఆప్యాయంగా నవ్వారు.

"పోయినేడు సార్ ఇక్కడే నిలబడి చెప్పారు. నేను చెప్పింది చెప్పినట్టు చేశాను. మా పిల్లకి బ్యాండంటే ప్రాణం. దాని కార్నెట్ పట్టుకెళ్లి బ్యాండువాళ్లకి తిరిగిచ్చేశా. నేనూ అదే బ్యాండులో పెద్ద బాకా ఊదేవాణ్ని. నేను వెళ్తుంటే దానికి మనసు లాగుద్దని నేనూ మానేశా. గది తలుపు ఊడదీశా. అదేముంది, నా పనే కదా. వాళ్ల నానమ్మ దగ్గరికి పోవడం ఆపించా. మొదట్లో ఏడ్చింది. తర్వాత అరిచింది. ఇప్పుడు అదీ లేదు. భోజనం బల్ల దగ్గర ఎదురెదురుగా కూర్చుంటాం, తింటాం, లేస్తాం. క్రిస్మస్‌కల్లా పళ్లు నూరుతారన్నారు సార్. మా పిల్ల అంతకు ముందే మొదలెట్టింది."

ఎవరో ఒకరు కిసుక్కున నవ్వి ఆపేశారు.

"కష్టంగానే ఉందండీ. ఇంట్లో ఉండేది ఇద్దరమే. కానీ మార్కులొస్తున్నాయి. కాబట్టి నేను సరిగ్గానే చేస్తున్నాననుకుంటా. సార్ మాట వినండి. అంతే."

నేను వెనక్కి తిరిగి చూశాను. కీలీ చేతిలో బిస్కెట్ల పళ్లెం అలాగే ఉంది. తండ్రిని చూడటం లేదు. ఓర్మరాడ్ గారినే చూస్తోంది. ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు. ఒక్క మాట చాలు అప్పుడు. 'అయ్యో, అది నేను నవ్వించడానికి అన్న మాట' అంటే సరిపోయేది. ఆయన రెండు చేతులూ పైకెత్తి చప్పట్లు కొట్టారు. ఆయన్ను చూసి అందరూ కొట్టారు. గ్లెన్ వంగి దండం పెట్టినట్టు తల వంచి దిగిపోయాడు.

మర్నాడు పొద్దున ఓర్మరాడ్ గారు నా గదిలోకి వచ్చి స్టూలు మీద కూలబడ్డారు. "అందరికంటే ముందు కొట్టాను, చూశారా? చప్పట్లు. నేనే ముందు" అన్నారు. నేను టీ కప్పు ముందు పెట్టాను. చల్లారిపోయేదాకా దాన్ని చూస్తూ కూర్చున్నారు.

ఆ శనివారం ఆయన గ్లెన్ ఇంటికి వెళ్లారు. అక్కడ జరిగింది తర్వాత ఆయనే నాకు చెప్పారు. చెబుతున్నంతసేపూ కిటికీ వైపే చూశారు.

గ్లెన్ సంబరపడిపోయాడట. "రండి సర్, రండి. ఇల్లు చిందరవందరగా ఉంది, ఏమనుకోకండి. కెటిల్ పెడతా."

"గ్లెన్, ఒక సంగతి చెప్పాలి. తలుపు ఊడదీయమని, కాలవలో పడేయమని అన్నానే... అవి ఊరికే నవ్వించడానికి అన్నవి."

"అంటే?"

"జోకులండీ. నిజంగా చేస్తారని అన్నవి కావు."

గ్లెన్ కెటిల్ చేత్తో పట్టుకునే నిలబడిపోయాడట. "అందరూ నవ్వారు, నేను చూశా" అన్నాడు. "నాకు మాత్రం నవ్వు రాలేదు. చదువుకున్నోళ్లకి ఇవన్నీ ముందే తెలుసేమో, అందుకే నవ్వుతున్నారు, తెలియనోణ్ని నేనొక్కణ్నే అనుకున్నా."

"తప్పు నాది. పూర్తిగా నాదే."

"మొన్న వేదిక మీద నేను వాగుతున్నప్పుడు కూడా తెలుసా సర్ మీకు, అది జోకని?"

"తెలుసు."

"మరి ఆపలేదేం?"

"సిగ్గేసింది."

"నాకేసినంతా?" అన్నాడట గ్లెన్. "ఊరందరి ముందూ నిలబడి నా పిల్లని ఏడిపించానని గొప్పగా చెప్పుకున్నా. రేపు వీధిలో ఎట్టా నడవను?"

కోప్పడలేదు. నాలుగు తిట్టి బయటికి పొమ్మంటే బాగుండేదని ఓర్మరాడ్ గారు అన్నారు. గ్లెన్ టీ కాచి, పాలు కలిపి, ఆయన చేతికిచ్చాడట. మేడ మెట్ల పైన తలుపు లేని గది, లోపల పుస్తకాల ముందు ఒక వీపు, కింద నుంచే కనబడుతున్నాయట. ఆ పిల్ల అంతా వింది. వెనక్కి తిరగలేదు.

సోమవారం ఆయన కీలీ కోసం నా గదికే వచ్చారు. నేను బయటికి వెళ్లబోతే, "మీరూ ఉండండి" అన్నారు.

"మీ నాన్నకు ఆ మాటలు చెప్పింది నేను. నీకు క్షమాపణ చెప్పుకోవాలి" అన్నారు.

"తెలుసు సర్. పోయినేడు నేను నాన్న పక్కనే కూర్చున్నాగా" అంది కీలీ. "నేను కూడా నవ్వా. ఇంటికెళ్లాక, 'నాన్నా, ఆయన ఊరికే అన్నాడు' అని వందసార్లు మొత్తుకున్నా. 'టీచర్ చెప్పింది తప్పంటావా?' అన్నాడు. మీతో చెప్పిద్దామని ఓసారి మీ గది దాకా వచ్చా. మీరెవరికో అదే జోకు చెప్పి నవ్విస్తున్నారు. వెనక్కెళ్లిపోయా."

ఆయన ఏదో అనబోయారు.

"మార్కులొచ్చాయి కదా అని మాత్రం అనకండి సర్, ప్లీజ్" అంది.

"అనను" అన్నారు. అనబోయింది అదేనేమో, నాకు తెలియదు. తల మాత్రం ఎత్తలేదు.

ఆ నెలాఖరులోగా ఓర్మరాడ్ గారు ప్రధానోపాధ్యాయురాలిని ఒప్పించి తల్లిదండ్రులను మళ్లీ పిలిపించారు. వర్షం. వచ్చినవాళ్లు సగం మంది కూడా లేరు. ఆయన వేదిక ఎక్కలేదు, కుర్చీల ముందు నేల మీదే నిలబడ్డారు. "నేను చెప్పిన మూడు మాటలు జోకులు. వాటిని నిజమనుకుని ఒక మంచి తండ్రి తన ఇంటికి కీడు చేసుకున్నాడు. ఆయన తప్పు లేదు. ఆయన ఈ హాల్లో చెబుతుంటే నేను చప్పట్లు కొట్టాను. దయచేసి తలుపులు ఊడదీయకండి" అన్నారు.

మూడో వరసలోంచి ఒకావిడ, "అమ్మయ్య, మా ఆయన నిన్ననే స్క్రూడ్రైవర్ వెతుకుతున్నాడు!" అంది. హాలంతా గొల్లున నవ్వింది. ఇది కూడా ఓర్మరాడ్ సార్ కొత్త చతురోక్తేనని చాలామంది అనుకున్నట్టున్నారు. ఎప్పుడూ ఆ నవ్వు కోసమే ఎదురుచూసే మనిషి, ఆరోజు చేతులు కట్టుకుని, అది ఆగేదాకా నేల చూపులు చూస్తూ నిలబడ్డారు. ఆగాక, "నేను నవ్వించడానికి అనలేదు" అని ఒక్క ముక్క చెప్పి, వెళ్లి కుర్చీలో కూర్చున్నారు. ఇంటికెళ్లే దారిలో ఒకతను, "పాపం, సార్‌కి వయసైపోతోంది" అనడం నేను విన్నాను.

గ్లెన్ తలుపు మళ్లీ బిగించాడు. ఆరోజు కీలీ దాన్ని మూసుకుని సాయంత్రం దాకా బయటికి రాలేదు. గ్లెన్ మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. బయటికొచ్చిన పిల్ల అతన్ని దాటుకుని వంటింట్లోకి వెళ్లింది. తర్వాత చాలా రోజులకు గానీ, ఉప్పందుకో, తలుపెయ్యి లాంటి పొడి మాటలు కూడా రాలేదట. బ్యాండులో ఆమె కుర్చీలోకి అప్పటికే ఇంకొకరు వచ్చేశారు. రెండో బ్యాండులో చోటిచ్చారు. పెదవులకు పట్టు తప్పిందని కొన్నాళ్లు వెళ్లి మానేసింది. చివరి పరీక్షలు బాగానే రాసి, షెఫీల్డ్‌లో నర్సు చదువుకు వెళ్లింది. రసాయనశాస్త్రం మాత్రం తీసుకోలేదు. ఆదివారాలు తండ్రికి ఫోన్ చేస్తుంది. "వానా ఎండా మాట్లాడుకుంటాం మిస్, అదే పదివేలు" అన్నాడు గ్లెన్ నాతో ఒకసారి.

ఓర్మరాడ్ గారు సిక్స్త్ ఫామ్ బాధ్యత వదులుకుని, పాఠాలు చెప్పుకుంటూ పదవీ విరమణ దాకా గడిపారు. తర్వాత వచ్చిన టీచరమ్మ చక్కగా, నవ్వుల్లేకుండా, చెప్పవలసింది చెబుతుంది. పాత రోజులే బాగుండేవని ఎవరైనా అంటే ఆయన అక్కణ్నించి లేచి వెళ్లిపోయేవారు.

గ్లెన్ ఆయన మీద పగ పెట్టుకోలేదు. ఓర్మరాడ్ గారికి కష్టమైంది అదే. మొన్న బజారులో మాంసం కూరిన పై రొట్టెలమ్మే దుకాణం ముందు నేనూ ఓర్మరాడ్ గారూ వరసలో నిలబడ్డాం. ముందు గ్లెన్ ఉన్నాడు. వెనక్కి తిరిగి చూసి, టోపీ తీసి, "మీరు ముందుకు రండి సర్" అని పక్కకు జరిగాడు. ఆయన వద్దంటున్నా వినలేదు. దుకాణంలో అందరూ చూస్తున్నారు. ఓర్మరాడ్ గారు చెవులు ఎర్రబడుతుండగా ముందుకు వెళ్లి, ఏం కావాలో మరిచిపోయి, అక్కడున్నదేదో చూపించి కొనుక్కున్నారు.