ప్రస్థానం సంచీ

ఆవకాయ జాడీలు రెండు, రుబ్బురోలు ఒకటి, మడత మంచం ఒకటి, కొబ్బరికాయలు డెబ్భై, గొడుగు ఒకటి, పూతరేకుల పెట్టె ఒకటి. రాజోలు నుంచి పోర్ట్ బ్లెయిర్‌కి ఒక సంసారం తరలివెళ్ళడంలో పోయిన సామాను ఇది. డబ్బు రూపంలో పోయింది వేరే ఉంది, దాని సంగతి తరవాత చెబుతాను. మొన్న మా మేనకోడలు ఆ దీవి నుంచి ఫోన్ చేసింది. "మావయ్యా, మా ఆయనకి కాకినాడ బదిలీ అయింది. ఇల్లంతా ఎత్తుకు రావాలంటే ఎంతవుతుందో నువ్వే లెక్క వేసి పెట్టాలి" అంది. కాయితం ముందు పెట్టుకుని పెన్ను మూత తీశానో లేదో, పాతికేళ్ళ కిందటి చిరాకంతా మళ్ళీ పైకి వచ్చింది.

అప్పట్లో మా బావగారికి, అంటే అక్క భర్తకి, రాజోలు బస్టాండు దగ్గర టిఫిను హోటలు ఉండేది. పక్కనే మరో రెండు హోటళ్ళు లేచేసరికి పొద్దుటి పిండి సాయంత్రానికి పులిసిపోవడం మొదలైంది. పోర్ట్ బ్లెయిర్‌లో ఉద్యోగం చేసే ఊరివాడొకాయన సెలవుకి వచ్చి, "అక్కడ మనవాళ్ళు మంచి ఇడ్లీకి మొహం వాచి ఉన్నారండీ" అన్నాడు. ఆయన చేతే అక్కడి రేవు దగ్గర ఒక గది మాట్లాడించి, అక్క రెండు గాజులూ అమ్మి అడ్వాన్సు కట్టారు. వచ్చే నెల ఒకటో తారీఖుకి కొట్టు తలుపు తెరవకపోతే గది వేరేవాళ్ళకి, అడ్వాన్సు గది యజమానికి. విశాఖపట్నం నుంచి ఓడ నెలకొక్కటి. అది తప్పితే గాజులు పోయినట్టే.

ఖర్చుల అంచనా నా మీద పడింది. నేను అంబాజీపేటలో కొబ్బరికొట్టు గుమాస్తాని. చదువు ఏడో తరగతితో ఆగిపోయినా, కాయలు ఎంచుతూ తరుగూ వడ్డీ వాటా అన్నీ సొంతంగా నేర్చుకున్నాను. సామానుకి మా యజమాని కొబ్బరి లారీలో సగం కిరాయికి చోటు మాట్లాడాను. మనుషులకి బస్సు. ఓడలో బంకు క్లాసు, అంటే అన్నిటికన్నా చవకైన పడకలు. దిగాక నెల తిండి, గిన్నెలు, పొయ్యి, అనుకోని ఖర్చులకి ఐదు వందలు. అంతా కలిపి తొమ్మిది వేల ఎనిమిది వందలు. రూపాయి అటూ ఇటూ కాకుండా వేశానని నాకు నేనే మురిసిపోయాను.

ఆ అంచనాలో నేను వెయ్యనిది అక్క అత్తగారిని. ఆవిడ ముందు రానన్నారు, తరవాత వస్తానన్నారు, వస్తూ రుబ్బురోలు తెస్తానన్నారు. అది రోడ్డు మీద ఎక్కడ దింపేశారో లారీవాళ్ళకే తెలియాలి. ఒక రోజు నేను వెళ్ళేసరికి అరుగు మీద కొబ్బరికాయల గుట్ట ఉంది.

"అత్తయ్యగారండీ, మీరు వెళ్ళేది కొబ్బరి దీవికేనండీ. అక్కడ కాయలు కాళ్ళకి అడ్డం పడతాయంట" అన్నాను.

"ఆయ్, పడతాయి. మన కాయలో ఉన్న తియ్యదనం వాటికెక్కడిది బాబూ? నువ్వు ఎంచడమే గానీ ఎప్పుడైనా రుచి చూసేవా?" అన్నారు.

తీరా ఓడ బయల్దేరే రోజు అష్టమి పడింది. అష్టమినాడు గడప దాటరు కాబట్టి, మాకొక పద్ధతి ఉంది. ప్రయాణమయ్యేవాళ్ళ వస్తువు ఒకటి ముందుగానే మంచి ఘడియలో ఇల్లు దాటించి, వెళ్ళే దిక్కున మరొకరింట్లో పెడతారు. దాన్ని ప్రస్థానం అంటారు. ఇక ప్రయాణం ఆ ఘడియలోనే మొదలైనట్టు. వెళ్ళే రోజున ఆ వస్తువు తీసుకుని ముందుకి సాగాలి. తూర్పు పక్కన మా బావగారికి చదువు చెప్పిన మాస్టారి ఇల్లు. ఆయన క్రైస్తవులు, అష్టములతో పనిలేదు. అయినా, "ఆయ్, పెట్టుకోండమ్మా, మా ఇంట్లో దానికేం లోటు రాదు" అన్నారు. అత్తయ్యగారు పసుపు రాసిన గుడ్డసంచీ ఒకటి తీసుకెళ్ళి ఆయన బీరువాలో పెట్టించి వచ్చారు.

లారీ ముందురోజే వెళ్ళిపోయింది. మేం వెళ్ళే రోజు సాయంత్రంలోగా విశాఖపట్నం రేవులో ఓడ టిక్కెట్లు చూపిస్తేనే సామాను ఓడకి ఎక్కిస్తారు. మర్నాడు పొద్దుటి బస్సుకని బయల్దేరి సంచీ కోసం వెళితే మాస్టారి ఇంటికి తాళం. కూతురింటికి కొత్తపేట వెళ్ళేరని ఎదురింటావిడ చెప్పింది.

"పోతే పోనివ్వండి, గుప్పెడు బియ్యమూ ఒక కాయే కదా" అన్నాను.

అత్తయ్యగారు మెల్లగా, "టిక్కెట్లు కూడా ఉన్నాయి బాబూ" అన్నారు.

బావగారు తల్లి వైపు తిరిగి, "టిక్కెట్లు ఎందుకు పెట్టేవే?" అన్నారు.

"ప్రయాణానికి ముఖ్యమైన వస్తువు పెట్టాలి కదరా. ఉత్త బియ్యం పెడితే బియ్యమే వెళుతుంది, నువ్వు వెళతావా?"

బావగారు తాళం పగలగొట్టడానికి రాయి తీశారు. మా అక్క తలుపుకి అడ్డంగా నిలబడి, "మాస్టారి తాళం పగలగొట్టి తెచ్చిన టిక్కెట్టుతో నేను ఓడెక్కను" అంది. పోయేవి తన గాజులే అయినా అక్కణ్ణుంచి కదల్లేదు.

నేను టాక్సీ మాట్లాడుకుని కొత్తపేట వెళ్ళాను. మాస్టారు అక్కడ లేరు, ఆత్రేయపురం వెళ్ళేరన్నారు. ఆత్రేయపురంలో ఇల్లిల్లూ అడుగుతూ వెళితే, ఒక పెరట్లో పొయ్యి ముందు పీట వేసుకుని తాపీగా కూర్చుని ఉన్నారు. బోర్లించిన కుండ మీద ఒకావిడ పిండి గుడ్డ పరుస్తూ రేకు తరవాత రేకు తీస్తోంది.

"నువ్వెందుకు వచ్చేవయ్యా? మీది సాయంత్రం బస్సు కదా. మీ అక్క దీవికెళుతోంది, నిలవ సరుకు ఇస్తే బావుండదని దగ్గరుండి చేయిస్తున్నాను" అన్నారు.

సంగతి చెబితే ఆయన మొహం పాలిపోయింది. అయినా పెట్టె నిండేదాకా లేవలేదు. ఆ రోజు రావులపాలెం మీదుగా మూడుసార్లు తిరిగాను. ఆత్రేయపురానికి ఒకసారి, తాళంచెవితో వెనక్కి ఒకసారి, బస్సు దాటిపోయింది కాబట్టి అందర్నీ ఎక్కించుకుని అదే టాక్సీలో విశాఖపట్నానికి ఒకసారి. తుని దాటాక గానీ తెలియలేదు, అత్తయ్యగారు కూర్చున్నది పూతరేకుల పెట్టె మీద. ఆ పొడి మేనకోడలు ఒళ్ళో వేసుకుని విశాఖపట్నం దాకా నాకుతూనే ఉంది.

పొద్దు వాలకముందే రేవుకి చేరాం. గేటు దగ్గరి మనిషి టిక్కెట్లు చూసి, "ఓడ ఇంకా రాలేదండీ, రెండు రోజులు ఆలస్యం" అన్నాడు. నేను సిమెంటు దిమ్మ మీద కూర్చుండిపోయాను. బస్సులో తీరిగ్గా రావచ్చు. మర్నాడు రావచ్చు. అత్తయ్యగారు మాత్రం కొంగు భుజం మీదికి సర్దుకుని, "చూసేవా, ప్రస్థానం పెట్టేం కాబట్టి ఓడ కూడా ఆగింది" అన్నారు. రెండు రోజుల సత్రం ఖర్చుతో అనుకోని ఖర్చుల ఐదు వందలూ కరిగిపోయాయి. టాక్సీ డబ్బు నేనిచ్చాను, సొంత పెళ్ళికని దాచుకున్నది.

కొట్టు వేళకే తెరిచారు. అడ్వాన్సు దక్కింది, మూడో ఏటికి అక్క చేతికి గాజులూ వచ్చాయి. బావగారు ఫోన్ చేసినప్పుడల్లా టాక్సీ డబ్బు పంపుతాననడం, పక్కనుంచి అత్తయ్యగారు ఆపడం. "ఉండనీరా. మనది ఏదో ఒకటి ఈ ఊళ్ళో ఉండాలి. లేకపోతే మళ్ళీ రావడమెలా?" అనేవారు. అప్పు కూడా ప్రస్థానం పెట్టొచ్చని నాకు అప్పటిదాకా తెలియదు. ఆవిడ ఆ దీవిలోనే పోయారు, మళ్ళీ రాలేదు.

మేనకోడలికి అంచనా రాసి పంపాను. అనుకోని ఖర్చులకి ఈసారి ఐదు వేలు వేశాను. "నాన్న పాత బాకీ కూడా కలపమన్నారు, ఎంత మావయ్యా?" అని అడిగింది. కలపలేదు. వాళ్ళింకా పూర్తిగా రాలేదు కదా, అక్కా బావగారూ అక్కడే ఉన్నారు. అప్పట్లో నా రెండు నెలల జీతం అది, ఇవాళ ఇద్దరు విశాఖపట్నం వెళ్ళిరావడానికి కూడా చాలదు. ఇన్నేళ్ళూ రూపాయిని తరిగించాయి గానీ, అంకెని కదపలేకపోయాయి. రావలసింది రెండు వేల ఆరు వందల నలభై రూపాయలు.