ఖాళీ దెబ్బ

మా బావను పనిలో అందరూ ఒక్కదెబ్బ అని పిలిచేవారు. పేరు వింటే పెద్ద వస్తాదు అనుకుంటారు గానీ, మా అక్క గొంతు పెంచితే మంచినీళ్ళు తాగడానికి కూడా అనుమతి అడిగే మనిషి. వెల్డింగ్ పనివాళ్ళు తొడుక్కునే తోలు గ్లౌజులు చేసే కార్ఖానాలో ఆయనది కోతపని. తోలు పరిచి, దాని మీద చేతి ఆకారంలో పదును అంచున్న ఉక్కు అచ్చు పెట్టి, ప్రెస్సు పిడి లాగేవాడు. మిగతావాళ్ళకు తోలు తెగాలంటే రెండో దెబ్బ కావలసివచ్చేది. ఆయనకు ఒకటే చాలు. ఆ ముక్కలు నేను కుట్టేదాన్ని. నన్ను పనిలో పెట్టించిందీ ఆయనే. అయినా ఏడిపించకుండా వదిలితే నేను మరదలినెలా అవుతాను?

కోతపనిలో ఒక నియమం ఉంది. తోలు లేకుండా అచ్చు మీదకు ప్రెస్సు దించకూడదు. దించితే అచ్చు అంచు వంగిపోతుంది. దాన్ని ఖాళీ దెబ్బ అంటారు. కొత్తవాడెవడైనా పొరపాటున కొడితే, ఆ పూట బావకు అన్నం సయించేది కాదు.

మా గ్లౌజుల్లో సగం ఒక పెద్ద దేశానికి వెళ్ళేవి. మాకు కావలసిన మందపాటి తోలు కూడా అక్కడి నుంచే వచ్చేది. ఆ దేశం ఉన్నట్టుండి మన సరుకు మీద సుంకం పెంచింది. అక్కడి ఆర్డర్లు ఆగిపోయాయి. కుట్టేవాళ్ళు చాలామంది ఇంటికి వెళ్ళిపోయారు. మిగిలినవాళ్ళం వేరే దేశాల ఆర్డర్లతో ఎలాగో నెట్టుకొచ్చాం. బావ మాత్రం భోజనాల గదిలో టీవీ ముందు కూర్చుని, మన మంత్రి ఎప్పుడు గట్టిగా మాట్లాడతాడా అని ఎదురుచూసేవాడు.

"తల వంచితే నెత్తికెక్కి కూర్చుంటారు మరదలు పిల్లా. బలం చూపిస్తేనే మర్యాద."

"ఆంబోతులు పోట్లాడుకుంటే లేగల కాళ్ళు విరుగుతాయి బావా."

"లేగలే ఇట్లా వణికితే ఆంబోతుకి పౌరుషం ఎక్కణ్ణించి వస్తుంది?"

నాకు నవ్వొచ్చింది. మాటకు మాట చెప్పడంలో ఆయన తరవాతే ఎవరైనా.

ఒక మధ్యాహ్నం మంత్రి మాట్లాడాడు. ఆ దేశపు సరుకు మీద మనమూ సుంకం వేస్తున్నాం, దెబ్బకు దెబ్బ తీస్తాం అన్నాడు. ఆ మాట వినగానే బావకు ఒళ్ళు తెలియలేదు. కోతగదిలోకి పరుగెత్తి ప్రెస్సు పిడి లాగాడు. కార్ఖానా దద్దరిల్లింది. అందరం చప్పట్లు కొట్టాం. నేనూ కొట్టాను. అబద్ధమెందుకు, నాకూ ఛాతీ పొంగింది. తీరా చూస్తే అచ్చు కింద తోలు లేదు. బొటనవేలి దగ్గర అంచు వంగింది.

"మీ అక్కని చేసుకున్నాక నేను చేసిన పెద్ద తప్పు ఇదే" అన్నాడు బావ. నవ్వబోయాడు గానీ మొహం పాలిపోయింది.

సుంకం పడ్డవాటిలో తోలు కూడా ఉందని మర్నాడు యజమాని చెప్పాడు. మంత్రి ఆ మాట కూడా అన్నాడట. మా చప్పట్లలో వినపడలేదు.

ఆ ధరకు తోలు తెచ్చి కుడితే కొనే నాథుడు లేడు. వేరే దేశాల ఆర్డర్లూ పోయాయి. ఉన్న తోలు అయ్యేదాకా పని చేశాం. బావ అంచును ఎంత సానబెట్టినా బొటనవేలి దగ్గర రెండో దెబ్బ కావలసివచ్చేది. ఆ రెండో చప్పుడు వినపడ్డప్పుడల్లా మిషను మీద నా చెయ్యి ఆగిపోయేది. మంత్రి చేసింది తప్పని నేను ఇప్పటికీ అనలేను. ఎవడో కొడుతుంటే పడి ఉండమని ఎవరు చెబుతారు? దేశానికి బలం వచ్చిందేమో కూడా. మా ఇంటికి మాత్రం రాలేదు. తోలు అయిపోగానే యజమాని కార్ఖానా మూసి యంత్రాలు అమ్మకానికి పెట్టాడు. ఆ ప్రెస్సు తప్ప బావకు వేరే పని తెలియదు. అది ఇంకో కార్ఖానాకు వెళితే దాని వెనకే తనూ వెళ్ళవచ్చని ఆయన ఆశ.

చివరికి పాత ఇనుము వ్యాపారి వచ్చాడు. ప్రెస్సు బాగా పనిచేస్తే యంత్రంగా అమ్ముతానన్నాడు, లేకపోతే కరిగించడమే.

"ఓసారి కొట్టి చూపించండి పెద్దాయనా."

"తోలు లేదండీ."

"ఖాళీగానే కొట్టండి, ఏం పోయింది?"

బావ నా వైపు చూశాడు. తరవాత నడుముకున్న తోలు ఏప్రన్ విప్పాడు. పెళ్ళికి ముందు నుంచీ కట్టుకుంటున్నది, అక్క పారేయమన్నా పారేయనిది. దాన్ని పరిచి, ముడతలు సవరించి, అచ్చు పెట్టి పిడి లాగాడు.

పూర్తిగా తెగలేదు. ముక్క బొటనవేలి దగ్గర పట్టుకుని వేలాడింది.

"ఇనుమే" అన్నాడు వ్యాపారి.

"అయ్యా, ఇంకొక్క దెబ్బ వెయ్యనివ్వండి" అని బావ బతిమాలాడు. బావ ఎవరినైనా బతిమాలడం నేను అంతకుముందు చూడలేదు. వ్యాపారి మనుషులు అప్పటికే ప్రెస్సుకు తాళ్ళు కడుతున్నారు.