దోమతెరతో పట్టిన చేపలు

వనభోజనాల ఏర్పాట్లకని ఒకరోజు ముందుగా అడవికి బయలుదేరిన మా బావమరిది సామాను చూసి, "ఏట్రా, కాపురం పెట్టడానికి ఎల్తున్నావా?" అని ఉస్లాపూర్ ప్లాట్‌ఫారమ్ మీదే మొదలుపెట్టాను. ఒక సంచిలో మందు పట్టించిన కొత్త దోమతెర, దాన్ని కట్టడానికి నాలుగు తాళ్లు. ఇంకో సంచిలో నీళ్లు కాచడానికి మూత ఉన్న పెద్ద గిన్నె, వడకట్టడానికి ఉతికి మడతపెట్టిన గుడ్డ, నీళ్లలో వేసే క్లోరిన్ బిళ్లలు. చొక్కా చేతులు మణికట్టు దాకా, ప్యాంటు అంచులు మేజోళ్లలోకి. దోమలు కుట్టకుండా రాసుకునే క్రీము ట్యూబు చొక్కా జేబులో. నేను మాత్రం ఒక దుప్పటి, ఒక తువ్వాలు, నా నోరు తీసుకుని బయలుదేరాను. మా ఇద్దరి సామానులో ఎక్కువ పనిచేసింది ఆ చివరిదే.

ఇతను నా భార్యకి ఒక్కగానొక్క తమ్ముడు. బ్యాంకు ఉద్యోగం. రెండేళ్ల కిందట విజయనగరం నుంచి బిలాస్‌పూర్‌కి బదిలీ మీద వచ్చి ఊరి అంచున ఉస్లాపూర్‌లో గది తీసుకున్నాడు. ఆదివారం భోజనం మాత్రం రైల్వే కాలనీలో మా క్వార్టర్లోనే. చిన్నప్పుడు పార్వతీపురం వైపు హాస్టల్లో చదువుకుంటూ, పక్కమంచం కుర్రాడు మలేరియాతో పోవడం కళ్లారా చూశాడు. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసీ ఎగతాళి చేశాను. నేను లోకోషెడ్‌లో పనిచేస్తాను. మూడు తరాలుగా బిలాస్‌పూర్ రైల్వే కుళాయి నీళ్లు తాగిన వంశం మాది, మమ్మల్ని ఏ పురుగు ఏం చేస్తుందన్న గర్వం ఒకటి. పైగా బావని. బావ అనే హోదాకి జీతం ఉండదు గాని దానికున్న అధికారాలు పెద్ద ఆఫీసర్లకి కూడా ఉండవు. బావమరిదిని ఏడిపించడం మాలో తప్పు కాదు. ఏడిపించకపోతేనే ఇంట్లో ఏదో గొడవ జరిగిందని నలుగురూ ఆరా తీస్తారు.

కార్తీకమాసంలో మా కాలనీ తెలుగువాళ్లందరూ కట్నీ లైను ప్యాసింజర్లో కొండల్లోని ఒక చిన్న స్టేషన్‌కి వెళ్లి, అక్కడి వాగు పక్కన ఉసిరిచెట్టు కింద వంటలు చేసుకుని తింటారు. ముగ్గురు నలుగురు మగాళ్లు ఒకరోజు ముందు వెళ్లి చెట్టు కింద శుభ్రం చేసి, పొయ్యిలు తవ్వి, కట్టెలు ఏరి పెట్టాలి. ఇంత త్యాగానికి మగాళ్లు ఎందుకు పోటీపడతారో ఆడవాళ్లు ఎప్పుడూ ఆలోచించలేదు. ఆ మాసంలో మా ఇళ్లలోకి ఉల్లిపాయ కూడా అడుగుపెట్టదు. అడవిలోని వాగులో చేపలుంటాయి. మిగతాది నేను చెప్పక్కర్లేదు.

ఆ ఏడు వంతు ముగ్గురిది. రిటైరైన రైలు గార్డు బాబాయ్, నేను, బావమరిది. మా ఆవిడ తమ్ముణ్ని పంపడానికి ఓ పట్టాన ఒప్పుకోలేదు. చివరికి నన్ను గుమ్మంలో నిలబెట్టి, "ఆడు తెర కట్టుకున్నాకే మీరు తొంగోవాలి. ఇనబడిందా? మీ మాట మీదే అంపుతున్నాను," అంది. "అచ్ఛా, అచ్ఛా," అన్నాను. రైల్వేలో అచ్ఛా అంటే విన్నానని అర్థం, చేస్తానని కాదు.

వాగు దగ్గరికి చేరేసరికి మధ్యాహ్నం అయింది. బాబాయ్ ఒంగుని దోసిలితో నీళ్లు తాగి, "పారే నీరు, దీనికేటి దోషం? ముప్పై ఏళ్లు బ్రేక్‌వాన్‌లో ఇలాటి నీళ్లే తాగాను," అని మీసం తుడుచుకున్నాడు. నేనూ తాగాను. బావమరిది మాత్రం నీళ్లు గుడ్డతో వడకట్టి, గిన్నెలో పోసి, మూడు రాళ్ల మీద పెట్టాడు. బుడగలు వచ్చాక కూడా దించడు. గడియారం చూస్తూ కూర్చున్నాడు.

"ఇంకా ఉడకలేదేట్రా? కొంచెం ఉప్పూ కారం ఎయ్యి, నీళ్ల కూర అయిపోద్ది," అన్నాను.

"నవ్వుకో బావా. పైన పశువులు దిగే రేవు ఉంది, వచ్చేటప్పుడు చూశాను," అన్నాడు.

నవ్వుకోమన్నాడు కదా, నవ్వుకున్నాను. వాడు అంత శ్రద్ధగా కాచి చల్లార్చిన మొదటి గిన్నె నీళ్లతో నేను కాళ్లు కడుక్కున్నాను కూడా. గోరువెచ్చగా హాయిగా ఉన్నాయి. వాడు మళ్లీ వాగుకి వెళ్లి నీళ్లు తెచ్చుకున్నాడు.

వాడు రెండో గిన్నె కాచుకుంటుండగా మాకు చేపల పని పడింది. వాగు నిండా పరిగెలు మిలమిలలాడుతున్నాయి. గాలం లేదు, వల లేదు. బాబాయ్ కండువాతో ప్రయత్నిస్తే కండువా తడిసింది, అంతే. అప్పుడు నా బుర్రలో దీపం వెలిగింది. వాడి సంచి విప్పి దోమతెర బయటికి తీశాను.

వాడు పరుగెత్తుకొచ్చాడు. "బావా, అది మందు పట్టించిన తెర! రాత్రికి కావాలి!"

"మందు ఉంటే ఇంకా మంచిది, పులుసుకి పురుగు పట్టదు," అన్నాను. బాబాయ్ పడీపడీ నవ్వాడు. ఒక మనిషి నవ్వేవాడు ఉంటే చాలు, నాకు వెనక్కి తగ్గడం తెలీదు. ఇద్దరం రెండు అంచులు పట్టుకుని వాగులోకి దిగాం. పట్టినవి నిజంగానే బాగున్నాయి. మర్నాటి పులిహోరకని తెచ్చిన చింతపండులో కొంత తీసి పులుసు పెట్టాం. బావమరిది నియమం తప్పనని పెరుగన్నం తిన్నాడు. తరవాత మాసం నియమం పాటించినవాడికే జ్వరం వచ్చింది, తప్పిన నేను గుండ్రాయిలా ఉన్నాను. దీన్నిబట్టి దేవుడి లెక్కలు మనకి అందవని సర్దిచెప్పుకోవచ్చు గాని, ఇందులో దేవుడి ప్రమేయం ఏమీ లేదని నాకు బాగా తెలుసు.

తెర రాళ్లకి పట్టుకుని రెండుచోట్ల నిలువునా చిరిగింది. చేపల కంపు సరేసరి. ముళ్లతో పాటు దాన్నీ పొయ్యిలో పడేసి సాక్ష్యం లేకుండా చేశాం. ఇంట్లో అడిగితే మా కాలనీ తెలుగు సంఘం గిన్నెల పెట్టెలోకి వెళ్లిపోయిందని చెప్పాలని ముగ్గురం అనుకున్నాం. అంటే, బాబాయ్, నేను అనుకున్నాం. వాడు విన్నాడు.

పడుకోబోయే ముందు వాడు క్రీము ట్యూబు తీసి చేతులకి రాసుకోబోయాడు. "పెళ్లికూతురికి నలుగు పెడతన్నారు, సన్నాయి ఏదీ బాబాయ్?" అన్నాను. అంతే. వాడు నవ్వి ట్యూబు జేబులో పెట్టేశాడు. ఆ రోజు నేనన్న మాటలన్నిట్లో చిన్నది అది. కుట్టింది అదే. నేను దుప్పటి తలదాకా ముసుగుపెట్టి పడుకున్నాను. వాడి దగ్గర దుప్పటి లేదు. తెర ఉంటుంది కదా, దుప్పటి ఎందుకని తెచ్చుకోలేదు.

మర్నాడు వనభోజనాలు దివ్యంగా జరిగాయి. బాబాయ్‌కి పొద్దున్నుంచీ పారే నీరు పారుతూనే ఉంది. చెంబు పట్టుకుని పొదల్లోకీ ఉసిరిచెట్టు కిందకీ షంటింగ్ చేస్తూ ఉండిపోయాడు. ప్యాసింజర్లో వచ్చిన ఆడవాళ్లూ పిల్లలూ బావమరిది కాచిన నీళ్లే తాగారు, వాడే నిలబడి అందరికీ పోశాడు. వాడి మెడ మీదా మోచేతుల మీదా ఎర్రటి దద్దుర్లు. "దురదగొండి తగిలిందక్కా," అని వాళ్లక్కకి చెప్పాడు. నేను పక్కనే పులిహోర తింటున్నాను.

పదకొండో రోజున వాడికి జ్వరం వచ్చింది. పళ్లు టకటక కొట్టుకునే చలి. మా ఆవిడ ఉస్లాపూర్ వెళ్లి వాణ్ని ఆటోలో మా క్వార్టర్‌కి తెచ్చేసి, కాలనీ బయట ఉన్న డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. నేను డ్యూటీలో ఉన్నాను. సాయంత్రం వచ్చేసరికి అన్నం వడ్డిస్తూ చెప్పింది.

"జంగల్‌కేమైనా వెళ్లారా అనడిగాడండి డాక్టరు. ఎల్లాడు గాని తెరలోనే తొంగున్నాడు, నీళ్లు కూడా కాచినవే తాగాడు, మావారు దగ్గరుండి చూసుకున్నారు అని చెప్పాను. అయితే వాతావరణం మార్పు జ్వరమే, రెండ్రోజుల్లో తగ్గకపోతే రక్తం పరీక్ష చేయిద్దాం అన్నాడు."

అన్నం నోట్లో ఉంది. మింగాను. ఇంకొంచెం చారు వేయమన్నాను.

ఎందుకు చెప్పలేదని ఇప్పుడు నన్ను నేను అడిగితే సిగ్గుగా ఉంటుంది. తెర ఏమైందో చెబితే చేపల సంగతి చెప్పాలి. చేపల సంగతి చెబితే కార్తీకమాసం. అది బయటపడితే కాలనీలో బాబాయ్ పరువు, నా పరువు. ఒక పులుసు గిన్నె కోసం ఇన్ని ఆలోచించాను. వాడి ఒళ్లు కాలిపోతోందన్నది మాత్రం ఆ వరసలో చివరికి వెళ్లింది. తెల్లారితే తగ్గిపోతుందిలే అనుకున్నాను. మందు బిళ్లకి కాస్త తగ్గింది కూడా. మళ్లీ వచ్చింది. రెండోరోజు కూడా డ్యూటీకి వెళ్లాను, వచ్చాను, తిన్నాను.

మూడోరోజు పొద్దున్న నేను గదిలోకి వెళ్తే వాడు నన్ను చూసి లేచి కూర్చుని, ఎంతో మర్యాదగా, "సార్, ఫారం నింపి టోకెన్ తీసుకోండి, కౌంటర్ దగ్గర గుంపు చెయ్యకండి," అన్నాడు. నేను మామూలుగా అయితే నవ్వేవాణ్ని. వాడి కళ్లు పచ్చగా ఉన్నాయి. నన్ను పోల్చుకోలేదు. వీడు చచ్చిపోతాడు అన్న మాట మొదటిసారి పూర్తిగా నా మనసులోకి వచ్చింది.

వంటింట్లోకి వెళ్లి మా ఆవిడకి మొత్తం చెప్పేశాను. తెర, చేపలు, పొయ్యి, క్రీము. ఆమె చేపల గురించి ఒక్క ముక్క అడగలేదు.

"అయితే మూడ్రోజులు తెలిసే తిన్నారు నా చేతి అన్నం," అంది. చెప్పులేసుకుని ఆటో కోసం రోడ్డు మీదికి పరుగెత్తింది.

పెద్దాసుపత్రిలో వాణ్ని దించగానే, ఎవరూ అడక్కముందే, అడవిలో తెర లేకుండా పడుకున్నాడనీ, నేనే తెర పాడుచేశాననీ చెప్పాను. పది నిమిషాల్లో రక్తం తీసి చూశారు. ఫాల్సిపారం మలేరియా, మెదడు దాకా పోతోంది అన్నాడు అక్కడి కుర్ర డాక్టరు. "ఇంత ఆలస్యం ఎందుకు చేశారు?" అని హిందీలో అడిగాడు. ఏ మాటకైనా మాట అంటించే నేను, "గల్తీ హో గయీ," తప్పయిపోయింది అని మాత్రం అన్నాను. ఇంజక్షన్లు మొదలుపెట్టారు. ఆ రెండు రోజులూ మా ఆవిడ వార్డు తలుపుకి ఒక పక్కన, నేను రెండో పక్కన కూర్చున్నాం.

వాడు బతికాడు. ఆ మాట రాయడానికి ఇప్పటికీ నా చెయ్యి తొందరపడుతుంది. ఐదోరోజు మధ్యాహ్నం మా ఆవిడ జావ తేవడానికి ఇంటికెళ్లింది. వాడూ నేనూ మిగిలాం. సన్నగా అయిపోయిన చేతిని దుప్పటి మీద పెట్టుకుని పడుకున్నాడు.

"అక్కకి చెప్పేశావంట," అన్నాడు.

"చెప్పాన్రా."

"ఆ మొదటి డాక్టరు నన్ను కూడా అడిగాడు బావా. అక్క మందులు కొనడానికి బయటికెళ్లినప్పుడు. నిజంగా తెరలోనే పడుకున్నావా అని. అవునన్నాను."

"నీకు తెలీదేట్రా? హాస్టల్లో చూసినోడివి!" అని అరిచాను. పక్క మంచాలవాళ్లు చూశారు.

"చలి ఎక్కగానే తెలిసింది."

"మరి ఎందుకన్నావురా అలాగ?"

వాడు కొంచెం నీళ్లు అడిగి తాగాడు. "నేను చెప్తే అక్క నిన్ను ఒగ్గదు కద. నాకంటే ముందు నువ్వే చెప్తావులే అనుకున్నాను. ఆ సాయంత్రమే చెప్పేస్తావనుకున్నాను. తరవాత నాకేటీ గుర్తులేదు."

ఇందులో దెప్పిపొడుపు లేదు. వాడికి ఆ విద్య రాదు. నిజంగానే అలా అనుకున్నాడు. ఆ సాయంత్రం నేను చారు వేయించుకుని తిన్నాను. మంచం అంచు మీద తలపెట్టి ఏడ్చాను. జీవితంలో ఎప్పుడూ అంతలా ఏడవలేదు.

వాడు నా భుజం తట్టి, "బేగి కళ్లు తుడుచుకో బావా, అక్క వచ్చేస్తాది," అన్నాడు.